చెరువా, వరా, చీటీనా: డబ్బు నిర్ణయాన్ని కాగితం మీద తేల్చుకునే పద్ధతి

పోయిన దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రెండెకరాలు రొయ్యల చెరువు తవ్వించేద్దామనుకుంటున్నాను. పక్క చేను ఆయన ఒక్క పంటతో కారు కొన్నాడు. నువ్వేమంటావు?" అన్నాడు. ఆదివారం మరదలిని కూడా తీసుకుని రమ్మన్నాను, ఒక తెల్లకాగితాల పుస్తకం కూడా తెచ్చుకోమన్నాను. ఆ మధ్యాహ్నం ముగ్గురం అరుగు మీద కూర్చుని రాసుకున్న లెక్కలే ఈ మార్గదర్శికి ఆధారం. నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రేపేమవుతుందో తెలియనప్పుడు, ఫలితం ఎప్పుడో వచ్చేటప్పుడు మనుషులు ఎలా ఎంచుకుంటారన్న పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. ఆ పాఠం అక్కరకొచ్చేది పరీక్ష హాల్లో కాదు, మన గోదావరి డెల్టాలోని ప్రతి ఇంట్లో.

మొదటి మెట్టు: ప్రశ్నను సరిగ్గా రాయండి

"చెరువు తవ్వాలా, వద్దా?" అని రాస్తే సగం దారులు అక్కడే మూసుకుపోతాయి. కనీసం నాలుగు దారులు రాయాలి. మావాడి కాగితం మీద ఐదు తేలాయి: ఎప్పట్లాగే వరి, ఆ రెండెకరాలు కౌలుకివ్వడం, చెరువు కోసం లీజుకివ్వడం, సొంతంగా తవ్వించడం, వేరే వాళ్ల చెరువులో పావు వాటా పెట్టుబడి పెట్టడం. చివరి దారి మరదలు చెప్పింది. అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు.

ప్రతి దారి పక్కన ఒక్క మాట రాయండి: వెనక్కి తిరగగలమా, లేదా? సార్వాకి (ఖరీఫ్‌కి) స్వర్ణ రకం వరి వెయ్యాలా, ఇంకో రకం వెయ్యాలా అన్నది ఆరు నెలల్లో మార్చుకోగలిగిన నిర్ణయం. దానికి అరగంట ఆలోచన చాలు. చెరువు అలా కాదు. పైమట్టి తీసి గట్టు పోసి ఉప్పునీరు పెట్టాక ఆ నేల మళ్లీ వరికి రావాలంటే ఏళ్లు పడుతుంది, పక్కవాడి చేలోకి కూడా ఉప్పు ఊరుతుంది. పైగా అనుమతి లేకుండా తవ్వకూడదు. వెనక్కి తిరగలేని దారికి అన్నిటికంటే ఎక్కువ రోజులు కేటాయించండి. ఏ తేదీలోపు తేల్చుకోవాలో కూడా రాయండి. "మిషన్ ఈ వారమే ఖాళీగా ఉంది" అని ప్రొక్లెయినర్ వాడు చెప్పిన తేదీ మీ తేదీ కాదు.

రెండో మెట్టు: లాభం తర్వాత, ముందు నేల చూసుకోండి

నేల అంటే, అంతకంటే కిందికి పడితే ఇల్లు నడవదు అనుకునే మొత్తం. దీన్ని ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని రాయాలి, ఎందుకంటే వాళ్లకి తెలిసిన ఖర్చుల్లో సగం మనకి తెలియవు. ఏడాది తిండిగింజలు, పిల్ల ఫీజు, అత్తయ్య మందులు, వచ్చే పంట పెట్టుబడి, రెండు పెళ్లిళ్లకి చదివింపులు. మావాళ్ల లెక్క 2.6 లక్షలకు వచ్చింది. చేతిలో నగదు, ఇంట్లో ధాన్యం, బంగారం మీద పుట్టే అప్పు అన్నీ కలిపితే 3.9 లక్షలు. అంటే పూర్తిగా పోయినా తట్టుకోగలిగింది 1.3 లక్షలు. ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాం. ఆ తర్వాత ప్రతి ఆలోచననీ దానితోనే కొలిచాం.

ఇది పిరికితనం అనుకునేవాళ్లుంటారు. 1738లో డేనియల్ బెర్నూలీ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక లెక్క వేశాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వర్తకుడు ఒకడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు కొన్నాడు. అది ఇంటికి చేరితే 10,000 రూబుళ్లు వస్తాయి. ఆ దారిలో నూరు ఓడల్లో 5 మునిగిపోతాయి. బీమాకి 800 అడుగుతున్నారు. సగటున పోయేది 500 మాత్రమే కాబట్టి బీమా దండగ అనిపిస్తుంది. కానీ ఆ సరుకు కాక ఇంకా 5,043 రూబుళ్లయినా లేనివాడు బీమా చేయించుకోవడమే తెలివైన పని అని బెర్నూలీ తేల్చాడు. అంతకు మించి ఉన్నవాడికి అక్కర్లేదు. ఓడ అదే, సముద్రం అదే, ప్రమాదం అదే. ఒకడికి అవసరమైంది ఇంకొకడికి అక్కర్లేదు, ఎందుకంటే ఉన్నవాడికి పోయే రూపాయి కంటే లేనివాడికి పోయే రూపాయి బరువెక్కువ. 1839 తుపానులో మన కోరంగి రేవు, అందులోని ఓడలు తుడిచిపెట్టుకుపోయాయని చదివినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తుకొస్తుంది. సరుకంతా ఒకే ఓడలో వెయ్యకుండా పంచమని కూడా ఆయన అందులోనే చెప్పాడు.

ఇంకో సంగతి. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త అప్పటి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర మెట్ట గ్రామాల్లో రైతుల చేత నిజమైన డబ్బుతో పందేల లాంటి ఆటలు ఆడించి, 1980లో ఫలితాలు ప్రకటించాడు. కొద్ది పైసలతో ఆడినప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. మొత్తం వందల రూపాయలకి చేరేసరికి మాత్రం ఉన్నవాడూ లేనివాడూ ఇంచుమించు ఒకే రకంగా జాగ్రత్తపడ్డారు. చిన్న రైతు కొత్తదానికి వెనకాడుతున్నాడంటే అది బుద్ధి తక్కువై కాదని, వాడికి అప్పు పుట్టే తీరు, ఆసరా వేరు కావడం వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో మెట్టు: పది పంటల్లో ఎన్ని?

శాతాలు అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. "పది పంటలు వేస్తే ఎన్ని పోతాయి?" అని అడిగితే ఠక్కున చెబుతారు. మావాణ్ణి కారు కొన్నాయన్ని ఒక్కణ్ణే కాదు, ఐదుగురిని అడిగి రమ్మన్నాను. వాళ్లలో చెరువు మానేసినవాళ్లు ఇద్దరైనా ఉండాలన్నాను. నెగ్గినవాడు రోడ్డు మీద కారులో కనపడతాడు. ఓడినవాడు హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గానో, గల్ఫ్‌లోనో ఉంటాడు, వాడి లెక్క మన కంటికి అందదు.

ఐదుగురి దగ్గర చివరి రెండేసి పంటల లెక్క తెచ్చాడు. ఎకరానికి పెట్టుబడి సుమారు 4 లక్షలు. పదింటిలో ఐదు పంటలకి తలా 2 లక్షల లాభం. రెండు పంటలకి పెట్టుబడి వచ్చింది. మూడు పంటలకి తెల్లమచ్చ అనే రొయ్యల జబ్బో, ఎదుగుదల లేకపోవడమో వచ్చి 2.5 లక్షల చొప్పున పోయాయి. ఇవి ఒక ఊళ్లో ఐదుగురి నోటి లెక్కలు. మీ ఊరికి మీరే వేసుకోవాలి.

ఐదు రెళ్లు పది లక్షలు వచ్చాయి, మూడు రెండున్నరలు ఏడున్నర లక్షలు పోయాయి. మిగిలింది 2.5 లక్షలు, పది పంటలకి పంచితే పంటకి 25,000. ఎకరానికి 2 లక్షలు అన్న మాట విని వచ్చినవాడికి ఈ అంకె చూడగానే మొహం మారింది. ఆగాల్సింది ఇక్కడే కాదు, ఇంకా రెండు లెక్కలున్నాయి.

మొదటిది వరస. పదిలో మూడు పోయేవైతే, వరసగా మూడు పంటలు వేస్తే ఒక్కటైనా దెబ్బతినే అవకాశం నూటికి దాదాపు 66. "మూడు పంటల్లో అప్పు తీర్చేస్తా" అనే పథకం వేసుకున్నవాడు ఈ అంకె గోడ మీద రాసుకోవాలి. పది లక్షలు ఒక పంటలో నాలుగోవంతు పెరిగి పన్నెండున్నర అయి, తర్వాతి పంటలో నాలుగోవంతు తగ్గితే పది దగ్గర ఆగదు, 9,37,500కి దిగుతుంది.

రెండోది కూడిక. పోయిన మూడు పంటల్లో రెండు ఒకే నెలలో, ఒకే మురుగు కాలువ నీళ్లు తోడుకున్న చెరువుల్లో పోయాయి. పైవాడు జబ్బు చేసిన చెరువు నీళ్లు వదిలితే కిందివాడికి తప్పదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కన కట్టే ధర) అందరికీ ఒకేసారి పడింది. మీ ప్రమాదం, పక్కవాడి ప్రమాదం ఒకేసారి వచ్చేవైతే ఆ రోజు మీకు చేబదులు ఇచ్చేవాడు కూడా ఉండడు. వరికీ ఇంతే: వరదో తుపానో వస్తే ఊరంతా మునుగుతుంది. అందుకే రెండెకరాల చెరువు, రెండెకరాల కొబ్బరి, ఒక ఉద్యోగం ఉన్న ఇల్లు నాలుగెకరాల చెరువున్న ఇంటికంటే గట్టిది.

పంటల బీమాని కూడా ఈ మెట్టు మీదే చూడాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహార పంటలకి రైతు కట్టేది బీమా మొత్తంలో ఖరీఫ్‌కి 2 శాతం, రబీకి 1.5 శాతం మించదు. దిగుబడి నష్టాన్ని మాత్రం మీ ఒక్క చేను చూసి కాదు, ఆ ప్రాంతం సగటు మీద లెక్కిస్తారు. ఊరంతా పండి మీదొక్కటే పోతే ఏమీ రాకపోవచ్చు. అది తెలిసి తీసుకోండి. "ఐదేళ్లు కట్టాం, పైసా రాలేదు" అని మానెయ్యకండి. కౌలు రైతులైతే సాగు హక్కు కార్డు, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) మీ పేరు ఉన్నాయో లేదో నాట్లు పూర్తయిన వెంటనే చూసుకోండి. పేరు భూమి యజమానిది ఉంటే డబ్బు కూడా ఆయన ఖాతాలోకే పోతుంది.

నాలుగో మెట్టు: ప్రతిదాన్నీ "నూటికి నెలకెంత" లోకి మార్చండి

మన ఊళ్లలో వడ్డీ లెక్క చాలా చక్కనిది. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24. ఈ కొలబద్దని అప్పులకే వాడి వదిలేస్తున్నాం. ధాన్యం అమ్మడానికి, అరువు సరుక్కి, చీటీకి అన్నిటికీ వాడాలి.

కమీషన్ వ్యాపారి సార్వా పెట్టుబడికి 40,000 ఇచ్చాడనుకోండి. ఐదు నెలలకి రెండు రూపాయల వడ్డీ, అంటే 4,000. షరతు ఏమిటంటే పంట ఆయనకే అమ్మాలి. 60 బస్తాలు బయట ధరకంటే 50 తక్కువకి తీసుకున్నాడు. అదో 3,000. మొత్తం 7,000. లెక్క కడితే నెలకి నూటికి మూడున్నర. నోటు మీద రెండు రూపాయలు, కాటా దగ్గర రూపాయిన్నర. ఆ రూపాయిన్నర ఎవరూ నోటితో చెప్పరు.

కాటా దగ్గర ఇంకోటి ఉంది: తరుగు. ధాన్యంలో తేమ 17 శాతం దాకా ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకుంటారు. మీ ధాన్యం 22 శాతం తేమతో ఉందనుకోండి. 75 కిలోల బస్తా 17 శాతానికి ఆరితే 70.5 కిలోలవుతుంది. అంటే న్యాయమైన తరుగు బస్తాకి నాలుగున్నర కిలోలు. అంతకు మించి ఎంత కోస్తే అంత ఆరబెట్టే కూలికి, వాన భయానికి మీరు చెల్లిస్తున్న వెల. మబ్బు పట్టి, బరకం (టార్పాలిన్) లేక, రోడ్డు మీద రాసి పోసుకున్న రోజున ఆ వెల చెల్లించడం తప్పు కాకపోవచ్చు. కానీ ఎంత చెల్లిస్తున్నారో తెలిసి చెల్లించాలి. కిలో ధర 20 అయితే ఒక్కో అదనపు కిలోకి 20, అరవై బస్తాలకి 1,200. రెండు రోజుల కూలి, బరకాల అద్దె అంతకంటే తక్కువైతే ఆరబెట్టుకోండి.

ఇప్పుడు అసలైన ప్రశ్న: ఇప్పుడే అమ్మాలా, దాచుకోవాలా? ఇవాళ బస్తా 1,550. మూడు నెలలాగితే 1,700 రావచ్చు. 150 తేడా చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. మీ నెత్తిమీద రెండు రూపాయల అప్పు ఉంటే ఆ 1,550 మూడు నెలలు ఆగినందుకు వడ్డీ 93. ఎలుకలు, ఆరుదల కలిసి రెండు కిలోలు, ఓ 40. హమాలీ, నిల్వ ఓ 20. మొత్తం 153. ఆగితే మూడు రూపాయలు నష్టం. అదే పక్కింటాయన బంగారం మీద బ్యాంకులో ఏడాదికి 10 శాతానికి తెచ్చుకున్నాడు. ఆయనకి వడ్డీ 39, మిగతావి అంతే. ఆయనకి బస్తాకి 50 పైన మిగులుతుంది. ధాన్యం అదే, మార్కెట్ అదే. "రైతుకి ఓపిక లేదు, కళ్లంలోనే అమ్మేస్తాడు" అని పట్నంలో కూర్చుని మాట్లాడేవాళ్లు ఈ రెండు లెక్కలు పక్కపక్కన వేసి చూడాలి. తేడా ఓపికలో లేదు, వడ్డీలో ఉంది.

అందుకే ఏ కొత్త పెట్టుబడి కన్నా ముందు ఖరీదైన అప్పు తీర్చడం లాభం. మూడు లక్షల లోపు పంట రుణం కిసాన్ క్రెడిట్ కార్డు మీద 7 శాతానికి దొరుకుతుంది, గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది. ఆ గడువు తేదీని క్యాలెండర్ మీద పండగల కంటే పెద్దగా రాసుకోండి.

మావాడి చెరువు లెక్కకి కూడా వడ్డీ కలిపాం. పావు వాటా అంటే అరెకరం కింద లెక్క, పెట్టుబడి 2 లక్షలు. సగటున వచ్చేది పంటకి 12,500. పోతే 1.25 లక్షలు, ఎర్రసిరా అంకెకి లోపలే. అప్పు రెండు రూపాయలకైతే నాలుగు నెలలకి వడ్డీ 16,000. అంటే సగటు లాభం మొత్తం వడ్డీకే చాలదు. సొంతంగా రెండెకరాలు తవ్వితే సంగతి చెప్పనక్కర్లేదు: ఒక చెడ్డ పంటకి 5 లక్షలు పోతాయి, తట్టుకోగలిగింది 1.3.

ఐదో మెట్టు: రేపటి మనిషిని నమ్మకండి

మావాణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "ఇవాళ 1,000 తీసుకుంటావా, నెలాగి 1,100 తీసుకుంటావా?" "ఇవాళే ఇచ్చెయ్." "సరే, ఏడాదికి 1,000 ఇవ్వనా, పదమూడు నెలలకి 1,100 ఇవ్వనా?" "ఏడాది ఆగినవాణ్ణి నెల ఆగలేనా? 1,100." రెండింటిలోనూ ఆగాల్సింది ఒక్క నెలే, దక్కేది నూటికి నెలకి పది రూపాయల వడ్డీ. దూరం నుంచి చూస్తే ఓపిక ఉంది, దగ్గరికొచ్చేసరికి పోయింది. 1937లో ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ ఇచ్చిన నమూనాలో మనిషి రేపు వచ్చేదాని విలువని ఏ నెలకైనా ఒకే రేటుతో తగ్గించి చూస్తాడు. మనుషులు అలా లేరని 1955లో రాబర్ట్ స్ట్రాట్జ్, 1997లో డేవిడ్ లైబ్సన్ చూపించారు. ముందే తన చేతులు తాను కట్టేసుకునేవాడు బాగుపడతాడని కూడా చెప్పారు.

పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులతో ఆర్థికవేత్తలు ఎస్తర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. పంట డబ్బు చేతిలో ఉన్నప్పుడే వచ్చే పంట ఎరువు కొనుక్కునే అవకాశమిచ్చి, ఎరువుని ఉచితంగా ఇంటికి చేరుస్తామన్నారు. వాడకం బాగా పెరిగింది. మనకి దాళ్వా డబ్బు మేలో చేతికొస్తుంది, సార్వా పెట్టుబడి జూన్‌, జూలైల్లో కావాలి. ఆ మధ్యలో పెళ్లిళ్లు, బడి ఫీజులు, కొత్త ఫోన్లు. డబ్బు వచ్చిన వారంలోనే విత్తనం కొనెయ్యండి, దమ్ముకి అడ్వాన్సు ఇచ్చెయ్యండి, మిగతాది జూన్ చివరికి గడువు తీరే డిపాజిట్‌లో వెయ్యండి.

చీటీ కూడా చేతులు కట్టేసుకునే పద్ధతే, అందుకే మనవాళ్లకి అంత ఇష్టం. కానీ పాటకి దిగేముందు లెక్క వెయ్యాలి. ఇరవై మంది, నెలకి 5,000, లక్ష చీటీ. మూడో నెలలో 25,000 తగ్గించి పాడి 75,000 తీసుకున్నారనుకోండి. అందులో మీరు అప్పటికే కట్టింది సుమారు 14,000, అది మీ డబ్బే. నిజంగా అప్పు తెచ్చుకున్నది 61,000. ఇంకా పదిహేడు నెలలు, డివిడెండు (పాటలో తగ్గిన మొత్తంలో మీ వాటా) పోను సగటున 4,400 కడతారు, మొత్తం 74,800. ఇది నూటికి నెలకి దాదాపు రెండు రూపాయల నలభై పైసలు. బంగారం మీద అప్పు పుట్టేవాడు మూడో నెలలో పాడడం దండగ, చివరిదాకా ఆగడం నయం. రిజిస్ట్రేషన్ లేని చీటీ అయితే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, పదిలో ఎన్ని ఎత్తేశారో మూడో మెట్టు ప్రకారం అడగండి.

ఆరో మెట్టు: నష్టం రాకముందే నష్టం రోజు ఏం చెయ్యాలో రాయండి

ఈ మెట్టు నాకు అన్నిటికంటే ముఖ్యం. 1996 నవంబర్ తుపానులో మా కొబ్బరి తోట ఒక్క రాత్రిలో పోయింది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు. నాన్నగారు జాగ్రత్తపరుడు, జీవితంలో పేకముక్క ముట్టనివాడు. మరుసటి ఏడాది అమ్మ గాజులు తాకట్టు పెట్టి టైగర్ రొయ్యల చెరువులో పెట్టారు. "పోయిన చోటే వెతుక్కోవాలి" అన్నారు. తెల్లమచ్చ వచ్చింది. అది కూడా పోయింది.

ఆయన అలా ఎందుకు చేశారో నాకు అప్పుడు అర్థం కాలేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానేమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాసిన సిద్ధాంతం చదివాక అర్థమైంది. మనిషి ఎంతుందని చూడడు, ఒక గీత గీసుకుని దానికి పైనున్నానా, కిందున్నానా అని చూస్తాడు. నష్టం బాధ అంతే లాభం ఇచ్చే సంతోషానికి రెండు రెట్ల పైనే. 1992లో వాళ్లు కట్టిన అంకె 2.25. గీతకి పైన ఉన్నప్పుడు జాగ్రత్తపడే మనిషే, గీతకి కింద పడ్డాక, మళ్లీ గీత చేరే అవకాశం కనిపిస్తే తెగిస్తాడు. సంక్రాంతికి బరి దగ్గర చూడండి, పొద్దుటి పందెం వందల్లో ఉంటుంది. రాత్రికి ఓడినవాడి పందెమే అన్నిటికంటే పెద్దది. నాన్నగారి గీత తుపానుకి ముందు రోజు దగ్గర ఉండిపోయింది. దాన్ని కిందికి జరుపుకోమని చెప్పేవాళ్లు ఆ రోజు ఇంట్లో ఎవరం లేము.

కాబట్టి పెద్ద నష్టం తర్వాత మూడు నెలలు కొత్త అప్పు, కొత్త పెట్టుబడి వద్దని ముందే రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. పంట మధ్యలో ఏం చెయ్యాలో కూడా రాయండి. చెరువులో యాభయ్యో రోజు జబ్బు కనపడింది. ఇప్పుడే పట్టేస్తే చిన్న సైజు రొయ్యల ధరకి కొంత వస్తుంది. మేత వేస్తూ పోతే మొత్తం పోవచ్చు. "మూడు లక్షలు పెట్టాను, ఎలా పట్టేస్తాను" అనిపిస్తుంది. ఆ మూడు లక్షలు పట్టినా రావు, పట్టకపోయినా రావు. లెక్కలోకి రావాల్సింది రేపటి మేత ఖర్చు, రేపు వచ్చే ధర, అంతే. చెరువు గట్టు మీద రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇది తట్టదు. అందుకే రొయ్యపిల్ల వెయ్యకముందే, "చెక్‌ట్రేలో (మేత చూసే పళ్లెంలో) ఇన్ని చనిపోయినవి కనపడితే తెల్లారి వల" అని సాంకేతిక నిపుణుణ్ణి అడిగి అంకెతో సహా రాయించుకోవాలి.

ఏడో మెట్టు: ఫలితం వచ్చాక కాగితం తియ్యండి

ఎప్పుడు తియ్యాలో ముందే తేదీ వెయ్యండి. రెండు ప్రశ్నలు విడివిడిగా రాయండి: ఆ రోజు తెలిసినదాన్ని బట్టి సరిగా ఆలోచించామా? ఏం జరిగింది? సరిగా ఆలోచించినా వాన పడి పోవచ్చు. తప్పుగా ఆలోచించినా కలిసిరావచ్చు. కలిసొచ్చిన తప్పు చాలా ప్రమాదం, మళ్లీ చేయిస్తుంది.

మావాళ్ల కాగితం మీద చివరికి ఇలా ఉంది: "ఈ ఏడు తవ్వం. సార్వా వరి. ముందు రెండు రూపాయల అప్పు తీర్చాలి. అప్పు లేని 2 లక్షలు చేతిలో ఉండి, ఐదుగురి చివరి పది పంటల్లో పోయినవి రెండు మించకపోతే పావు వాటా గురించి మళ్లీ మాట్లాడుకోవాలి. తేదీ: మార్చి 15." కింద ఇద్దరి సంతకాలు ఉన్నాయి. మరదలు ఆ కాగితాన్ని క్యాలెండర్ మేకుకే గుచ్చింది.